తోక ఉన్న రోబో, కూలర్ కింద అట్ట

ప్రశ్న: "స్టార్ వార్స్ సినిమా బొమ్మ ఒకటి అమెరికాలో నాలుగు కోట్లకు పైగా పలికిందట. మనం కూడా ఇలాంటి సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఫిగర్లు (కాళ్లు చేతులు కదిలే బొమ్మలు) కొని దాచుకుంటే పెట్టుబడిగా పనికొస్తుందా? తెలంగాణలో చిన్న ఊళ్లో ఉండేవాళ్లు ఎలా మొదలుపెట్టాలి?"

పెట్టుబడిగా పనికిరాదు. కానీ కొనండి. ఏవి కొనాలో నేను చెప్తాను, విన్నాక నవ్వొద్దు.

మాది నల్లగొండ. గడియారం చౌరస్తాకు కొంచెం ఇవతల నాకు సెల్‌ఫోన్ రిపేర్ షాపు ఉంది. పదిహేనేళ్లుగా బొమ్మలు పోగేస్తున్నాను. పోయిన దసరాకు దుమ్ము దులుపుతూ లెక్కపెడితే 212 తేలాయి. మా ఆవిడ లెక్క వేరే. "ఒక ఆటో వచ్చేది" అంటుంది. సెకండ్ హ్యాండ్ ఆటో అయితే ఆమె లెక్కే కరెక్టు.

ముందు ఆ కోట్ల బొమ్మ సంగతి. అది బోబా ఫెట్ అనే స్టార్ వార్స్ పాత్ర బొమ్మ, వీపు మీద నుంచి రాకెట్ ఎగిరే రకం. 2024లో వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. కెన్నర్ అనే కంపెనీ 1979 ప్రాంతంలో దాన్ని చెయ్యాలనుకుంది. ఆ చిన్న రాకెట్ పిల్లల గొంతులో అడ్డం పడుతుందేమోనని భయపడి, రాకెట్ ఎగరకుండా అతికించి అమ్మింది. ఎగిరే రకం నమూనాలు మాత్రం కొన్ని మిగిలిపోయాయి. అంగట్లోకి రానే రాలేదు కాబట్టే దానికి అంత ధర. వచ్చినవాటి సంగతి చూడండి. 1978 నుంచి 1985 దాకా ఆ కంపెనీ అమ్మిన స్టార్ వార్స్ బొమ్మలు 30 కోట్ల పైమాటే అంటారు. ఇప్పుడు మీరు ఆన్‌లైన్‌లో రెండున్నర వేలు పెట్టి కొనే బొమ్మను ప్రపంచమంతా మీలాగే కొని, సీల్ తియ్యకుండా అల్మారాలో దాస్తోంది. అందరూ దాచిన వస్తువు అరుదు ఎట్లా అవుతుంది? పాత బొమ్మలకు ధర వచ్చిందంటే, పిల్లలు వాటిని మట్టిలో పాతి, కుక్కకు వేసి, తలలు పీకి పాడుచేశారు కాబట్టి వచ్చింది.

అందుకే నా సలహా: జాతర బొమ్మలు కొనండి. నకిలీవి. ఒకదాని తల తెచ్చి ఇంకోదాని మొండేనికి తగిలించి, డబ్బా మీద ఇంగ్లిష్ తప్పుల్లేకుండా రాయడం చేతకానివాడు తయారుచేసినవి.

నాకు ఈ జ్ఞానం మా నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టు జాతరలో కలిగింది. 2018, రథసప్తమి రోజులు. మా ఆవిడ మొక్కు ఉందంటే షాపు బంద్ పెట్టి పోయాం. పాపకు అప్పుడు ఐదేళ్లు. గుట్టెక్కి దర్శనం చేసుకుని, మూడు గుండ్ల దగ్గర తోపులాట తప్పించుకుని కిందికి దిగేసరికి చీకటి పడింది. కింద ఒకటే దుమ్ము, జనం, పేలాలు, బత్తీసల వాసన, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. దారి పక్కన ఒక అవ్వ నీలం కవరు పరిచి, దాని మీద ప్లాస్టిక్ బొమ్మలు కుప్ప పోసి కూర్చుంది. పైన వేలాడగట్టిన చార్జింగ్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. నేను ఎక్కడికి పోయినా చెయ్యి అట్లాంటి కుప్పలోకే పోతుంది, అది రోగం.

చెయ్యి పెడితే ఇది తగిలింది. మొండెం తెల్ల కవచం వేసుకున్న అంతరిక్ష సైనికుడిది. తల సింహానిది. చేతిలో ఆకుపచ్చగా మెరిసే కత్తి. వెనక ఒక తోక. కవచం ఉన్న సైనికుడికి తోక! బొమ్మను అతికించి అమ్మే అట్ట మీద 'స్పేస్' అన్న మాటలో ఒక అక్షరం మింగేశారు. వెనక వైపు ఆరు బొమ్మల ఫొటోలు ఉన్నాయి కానీ లోపల ఉన్నది ఆ ఆరింట్లో లేదు. ఒకడు చేప తల పెట్టుకున్న పోలీసు. వాడి కోసం నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

"ఇదేందవ్వా?" అన్నాను.

"రోబో కొడుకా. యాభై."

"రోబోకు తోకెందుకున్నదవ్వా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "తోక లేని రోబో కావాల్నంటే ఎనభై."

నిజంగానే తీసి చూపించింది. అదే మొండెం, అదే సింహం తల, తోక ఉండాల్సిన చోట బొక్క. తోక ఊడిపోయిన బొమ్మకు ముప్పై ఎక్కువ! నేను పదిహేనేళ్లుగా దుకాణం నడుపుతున్నా ఇట్లాంటి బేరం ఒక్కసారి కూడా చెయ్యలేకపోయాను. స్క్రీన్ మీద గీత ఉంటే వంద తగ్గించమంటారు మావాళ్లు.

"ఇంట్లో ఉన్నయి సాలవా? పిల్లకు బుగ్గ కొనమంటే నీకు బొమ్మ కొనుక్కుంటున్నవా?" అని మా ఆవిడ గదిమేసరికి సిగ్గేసి ఒక్కటే కొన్నాను, తోకది. పాపకు బుగ్గ, అదే బెలూన్, కొన్నాను. ఆ రాత్రి అక్కడే నిద్ర చేశాం. నాకు నిద్ర పడితే కదా. రెండోది కూడా కొనాల్సింది, జంట విడదీశానే అన్న టెన్షన్. తెల్లవారుజామున లేచి అవ్వ దగ్గరికి పోయాను. ఎవరో కొనుక్కపోయారట. ఎనభైకే!

ఇంటికొచ్చాక దాని ఫొటో తీసి, బయటి దేశాల సేకర్తలు ఉండే గ్రూపులో పెట్టాను. అక్కడ తెలిసింది, నాలాంటి పిచ్చోళ్లు ప్రపంచమంతా ఉన్నారని. 1980లలో టర్కీలో ఒక కంపెనీ స్టార్ వార్స్ బొమ్మలకు నకిలీలు చేసింది. ఆ బొమ్మల పేరు 'ఉజాయ్', అంటే వాళ్ల భాషలో అంతరిక్షం. రంగులు వేరు, పేర్లు వేరు, అట్ట మీద బొమ్మకు లోపలి బొమ్మకు సంబంధం ఉండదు. వాటిలో కొన్ని ఇవాళ మామూలు కెన్నర్ బొమ్మల కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. మన దగ్గరే చూడండి. 1987లో టైర్ల ఎంఆర్ఎఫ్, అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కలిసి పెట్టిన ఫన్‌స్కూల్ ఇక్కడ జి.ఐ.జో అనే సైనికుల బొమ్మలను తయారుచేసింది. అమెరికాలో ఆకుపచ్చ చొక్కా వేసుకున్నవాడు ఇక్కడ ఇంకో రంగు వేసుకుని తిరిగేవాడు. ఆ రంగుల కోసమే ఇప్పుడు అమెరికావాళ్లు మన బొమ్మల వెంట పడుతున్నారు. మనం వాటిని ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసి ఉల్లిగడ్డలు తెచ్చుకున్నాం. కాబట్టి నేను రాసిస్తాను, ఇంకో ఇరవై ఏళ్లకు మన జాతర రోబోల మీద పుస్తకాలు వస్తాయి.

రుజువు అడుగుతారేమో. ఉంది. స్పెయిన్ నుంచి ఒకాయన నా తోక రోబోకు 90 డాలర్లు ఇస్తానన్నాడు. యాభై రూపాయల బొమ్మకు! కాకపోతే, అట్టతో సహా కావాలన్నాడు.

అట్ట కోసం ఇల్లంతా వెతికాను. అమ్మను అడిగితే, "గా మందం అట్టనా? కూలర్ ఊగుతుంటే కాలు కింద పెట్టిన" అంది. వంగి చూస్తే నాలుగు మడతలు పడి ఉంది, మీద ఇనుప స్టాండు, చుట్టూ నీళ్లు. చేప తల పోలీసు సగం నానిపోయాడు. నేను అరిస్తే అమ్మకు అర్థం కాలేదు. "బొమ్మ మంచిగనే ఉన్నది కదరా, అట్టకెందుకు ఏడుస్తున్నవ్?" అంది. అట్ట లేకుండా అయితే 30 డాలర్లన్నాడు స్పెయిన్ ఆయన. ఇవ్వలేదు.

అమ్మను తప్పుపట్టలేను. సేకర్తలకు అట్ట పిచ్చి ఎంతదంటే, 1977లో స్టార్ వార్స్ సినిమా వచ్చిన ఏడాది క్రిస్మస్‌కు బొమ్మలు తయారు కాకపోతే, కెన్నర్ వాళ్లు బొమ్మల్లేని అట్ట పెట్టె అమ్మారు. లోపల బొమ్మలకు బదులు ఒక కూపన్ కాగితం ఉంటుంది. దాన్ని పోస్టులో పంపితే తర్వాతి ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. ఖాళీ డబ్బాను పండక్కి పిల్లల చేతిలో పెట్టిన తల్లిదండ్రులు ఉన్నారు! ఆ ఖాళీ డబ్బాలకు ఇప్పుడు కూడా ధర ఉంది. ఇది మా అమ్మకు చెప్పాను. "వాళ్ల ఇంట్ల కూలర్ లేదేమో" అంది.

కూలర్ మాట వచ్చింది కాబట్టి, చిన్న ఊళ్లో మొదలుపెట్టాలంటే ఏంటో అడిగారు కదా, అది చెప్తాను. మన శత్రువు ధర కాదు, ఎండ. మే నెలలో మా రేకుల గది లోపల ఏదీ నిలబడదు, మనిషితో సహా. సన్న కాళ్ల బొమ్మలు మోకాళ్ల దగ్గర మెత్తబడి, తాగినవాడిలా ముందుకు వంగుతాయి. దానికి మందు సులువే. వేడి నీళ్లలో అర నిమిషం ముంచి, కాలు నిటారుగా సర్ది, వెంటనే చల్లనీళ్లలో పెడితే బిగుసుకుంటుంది. బోరు నీళ్లు వాడకండి, మా వైపు నీళ్లకు తెల్ల చారలు పడతాయి. కృష్ణా నీళ్లు వచ్చిన రోజు ఒక బకెట్ పక్కన పెట్టుకోండి. ఇక సీల్ తియ్యకుండా దాచేవాళ్లకు ఒక మాట: మెత్తటి పీవీసీ బొమ్మల్లో దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటిది ఏళ్ల తర్వాత బయటికి కారుతుంది, బొమ్మ జిగురుగా అవుతుంది. గాలి ఆడని డబ్బాలో అది ఇంకా ఎక్కువ. మీరు దాచామనుకుంటారు, అది లోపల చెమటలు కక్కుతుంటుంది. నేను ఏదైనా సరే ఇంటికి రాగానే విప్పేస్తాను.

ఇంకో జాగ్రత్త. నాలాగా ఫోన్ బోర్డులు తుడిచే ఐపీఏతో, అంటే ఒక రకం ఆల్కహాల్‌తో, బొమ్మల మొహాలు తుడవకండి. మూడు వేలు పెట్టి తెప్పించిన ఒక అంతరిక్ష కెప్టెన్‌కు దుమ్ము పట్టిందని దూదితో ఒక్కసారి రాశాను. కుడి కన్ను దూదికి వచ్చింది. మార్కర్‌తో మళ్లీ గీశాను, ఇప్పుడు ఆయన ఎప్పుడూ ఎవరికో సైగ చేస్తున్నట్టు ఉంటాడు. చుట్టాలొస్తే ముందు ఆయన్నే చూసి నవ్వుతారు, తర్వాత "పిల్లలకియ్యరాదూ" అంటారు. నేను వాళ్ల ఇంటికి పోయి పట్టుచీరలు పిల్లలకు ఇవ్వమంటానా?

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి నలిగిన డబ్బా వచ్చిందని ఫిర్యాదు చేస్తే "లోపలి వస్తువు బాగానే ఉంది కదా" అని జవాబిచ్చారు. అంటే వాళ్లూ మా అమ్మ పార్టీయే. బయటి దేశం నుంచి తెప్పించుకుందామంటే బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. దేశంలో తయారీ పెరగాలని అంటారు, పెరగనీ. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి కూడా చేశారు. పిల్లలు నోట్లో పెట్టుకునేవి కాబట్టి అది మంచిదే, ఒక పిల్ల తండ్రిగా ఒప్పుకుంటాను. నిర్మల్ బొమ్మల్లాంటి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సొంత సరుకు అనే గుర్తింపు) ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు, అదీ మంచిదే. కానీ తోక రోబోకు మినహాయింపు ఎవరిస్తారు? దానికి ఏ కంపెనీ లేదు, పేరు లేదు, మార్కు వెయ్యమని అడగడానికి మనిషి లేడు. నా లెక్క ప్రకారం అప్పటి నుంచే అవి జాతరల్లో తగ్గిపోయాయి. తగ్గాయి కాబట్టి రేపు ధర పెరుగుతుంది. చూశారా, పెట్టుబడి కాదన్నాను కానీ మళ్లీ అక్కడికే వచ్చాను.

మొన్న జాతరకు మళ్లీ పోయాను. పాపకు బొమ్మల వయసు దాటిపోయింది, రానంది. అవ్వ అదే చోట ఉంది, కవరు కూడా నీలం రంగుదే. కుప్పలో ఈలలు, గాజులు, ప్లాస్టిక్ పూలు. నా ఫోన్‌లో తోక రోబో ఫొటో చూపించి, ఇట్లాంటివి ఉన్నాయా అని అడిగాను. దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూసింది.

"అవి ఇప్పుడొస్తలేవు కొడుకా. తోక లేనివి గూడ రావు. బుగ్గలు తీస్కపో."

రెండు కొన్నాను. ఒకటి నార్కట్‌పల్లి చేరకముందే పేలిపోయింది.