అరకు, పాడేరు కొండల్లో గిరిజన గ్రామాలకు ట్రెక్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

నలుగురు కలిసి అరకు వైపు మారుమూల గ్రామాలకు గైడ్‌తో నడిచి వెళ్లాలంటే ఏం చూసుకోవాలని అడిగారు.

ముందు గైడ్ సంగతి. ఆ కొండల కుర్రాడే కావాలి. అక్కడి కోందు గిరిజనులు కువి భాష మాట్లాడతారు, చాలా ఊళ్లలో ఆదివాసీ ఒడియా నడుస్తుంది. పెద్దవాళ్లతో అన్నిచోట్లా మన తెలుగు సాగదు. కూలి ముందే మాట్లాడుకుని నేరుగా అతని చేతికే ఇవ్వండి. రాత్రి బస ఉంటే ఊరి పెద్దకు కబురు పంపి, సరే అన్నాకే బయల్దేరండి. ఫొటోలు కూడా అడిగే తీయాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానల్లో గెడ్డలు (కొండవాగులు) ఒక్కసారిగా పొంగుతాయి, మలేరియా భయమూ ఎక్కువే. చలికాలమైనా దోమతెర మానొద్దు. డిసెంబరులో పగటిపూట ఊరివాళ్లు చాలామంది సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండ్లు కోస్తుంటారు. అందుకే వాళ్లతో కబుర్లకు సాయంత్రమే మేలు.

బియ్యం, పప్పు దారిలో సంతలో కొనుక్కెళ్లండి, ఊరివాళ్ల గింజల మీద భారం వేయొద్దు. రోడ్డు లేని ఊళ్లలో రోగులను ఇప్పటికీ డోలీలో మోస్తున్నారు. మీ కాలు బెణికినా మోయాల్సింది వాళ్లే. అందుకే గ్రిప్ ఉన్న బూట్లు వేసుకుని, చీకటి పడకముందే ఊరు చేరండి.