ఊ అంటారు, వినరు

ప్రశ్న: మాది ఏలూరు. పెళ్లయి ఆరేళ్లయింది. మూడేళ్ల బాబు ఉన్నాడు. అత్తగారు మాతోనే ఉంటారు. మావారికి మెడికల్ షాపు ఉంది. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఓ గంట వస్తారు, మళ్లీ రాత్రి పదింటికే రావడం. మనిషి మంచివారు. ఇంటికి కావాల్సినవి అడక్కముందే తెస్తారు. కానీ ఇంట్లో ఉన్నంతసేపూ చేతిలో ఫోనే. అన్నం తింటూ ఫోను, బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోను, పడుకునే ముందు ఫోను. అడిగితే ‘షాపు ఆర్డర్లు’ అంటారు. కొంత నిజమే, జనం మందుల చీటీలు వాట్సాప్‌లోనే పెడుతున్నారు. కానీ పదకొండు దాటాక చూసేవి రీల్సే. ఈమధ్య మేం మాట్లాడుకునేదల్లా గ్యాస్ బండ, కరెంటు బిల్లు, కూరగాయలు. అంతే.

పోయిన నెల మా అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయాలన్నారని చెప్పాను. ‘ఊ, చేయిద్దాం’ అన్నారు. నాలుగు రోజుల తర్వాత మా తమ్ముడు ఫోన్ చేస్తే, ‘అత్తయ్యకు ఆపరేషనా? నాకెప్పుడు చెప్పావు?’ అని నన్నే అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆయన పడుకున్నాక రెండుసార్లు ఫోన్ తీసి చూశాను. ఏమీ లేదు. నా మీద నాకే సిగ్గేసింది. మా అత్తగారితో చెప్పుకుంటే, ‘తాగట్లేదు, తిరగట్లేదు, ఫోన్ చూసుకుంటే నీకేం పోయింది’ అన్నారు. ఇప్పుడు నేనూ బాబు పడుకున్నాక ఫోన్ పట్టుకునే కూర్చుంటున్నాను. వాడు ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగడు. ఒక్కోసారి ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపిస్తుంది. అమ్మ ఆపరేషన్‌కి వెళ్లి, ఆయన దారికొచ్చేదాకా తిరిగి రాకూడదనీ అనిపిస్తుంది. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

– పేరు వద్దన్న సోదరి, ఏలూరు

జవాబు: అతిగా ఆలోచించడం లేదమ్మా. కన్నతల్లికి ఆపరేషన్ అంటే ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. ఆ టెన్షన్ తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన దాకా అది చేరలేదు. ఆ నాలుగు రోజులూ ‘ఈయన మళ్లీ ఒక్క మాటైనా అడగలేదే, మా అమ్మంటే లెక్కలేదా’ అని మీరు లోపల్లోపల కుమిలిపోయి ఉంటారు. ఆయనకేమో అసలు సంగతే తెలియదు. ఒకే కప్పు కింద ఉంటూ ఇలా జరిగితే ఎవరికైనా ఏడుపొస్తుంది.

మీ అత్తగారి మాటను నేను కొట్టిపారేయను. ఆవిడ తరం ఆడవాళ్లు భయపడ్డవి తాగుడు, పేకాట, చెయ్యి చేసుకోవడం. అవేవీ లేని కొడుకును చూసి ఆవిడ తృప్తి పడడం సహజం. కానీ చెడు అలవాట్లు లేనంత మాత్రాన కాపురం నిండుగా ఉండదు. మనసులో మాట చెప్పుకుంటే వినే మనిషి కావాలి. మీరు అడుగుతున్నది అదే. అది అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఆయన అన్న ‘ఊ’ సంగతి. ఆయన అబద్ధమాడారని అనుకోకండి. కళ్లు ఫోన్లో అక్షరాలు చదువుతుంటే చెవిన పడ్డ మాట మనసుకెక్కదు. చదవడమూ వినడమూ రెండూ మాటలతో పనే, రెండింటి అర్థాన్నీ ఒకేసారి పట్టుకోవడం ఎవరికీ చేతకాదు. మీ గొంతు ఎక్కడ ఆగిందో మాత్రం తెలుస్తుంది, అక్కడ అలవాటుగా ‘ఊ’ వచ్చేస్తుంది. ‘చేయిద్దాం’ అన్నదీ అలా వచ్చిందే. అందుకే నాలుగు రోజుల తర్వాత ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఆ సంఘటన కన్నా మీరు రాసిన మరో వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. గ్యాస్ బండ, కరెంటు బిల్లు, కూరగాయలు అన్నారే, అది. ఎప్పుడు తెగిపోతుందో తెలియని చోట మనిషి పెద్ద మాట ఎత్తడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజు గ్రైండర్లో ఇడ్లీ పిండి వేస్తామా? ఇదీ అంతే. ఎదుటివాళ్ల చేతిలో ఫోన్ ఉంటే, ఒక్క టింగుమన్న శబ్దంతో మన మాట సగంలో ఆగుతుందని ముందే తెలుసు. అందుకని తెగినా నష్టం లేని మాటలే మాట్లాడతాం. బరువైన సంగతులన్నీ లోపలే ఉండిపోయి, ఒక రోజు తగవులో బయటికొస్తాయి.

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముక్కూ మొహం తెలియని వాళ్లను ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడుకోమన్నారు. కొందరి దగ్గర ఒక సెల్‌ఫోన్ ఉంచారు, కొందరి దగ్గర ఒక నోట్‌బుక్. ఆ ఫోన్ మోగలేదు, ఎవరూ ముట్టుకోలేదు. అయినా అది కనిపిస్తున్న చోట మాట్లాడుకున్న వాళ్లకు ఎదుటి మనిషి మీద దగ్గరితనం, నమ్మకం తక్కువగా కలిగాయి. పైపై కబుర్లప్పుడు తేడా అంతగా లేదు, మనసుకు సంబంధించిన విషయం మాట్లాడుకున్నప్పుడే బాగా కనిపించింది. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చేసిన అందరికీ ఇదే ఫలితం రాలేదు. కాబట్టి ఫోన్ కంటబడితే చాలు కాపురం చెడిపోతుందని నేను చెప్పను. కానీ కౌన్సెలింగ్‌కు వచ్చే భార్యాభర్తల్లో నేను చూస్తున్నది దీనికి చాలా దగ్గరగా ఉంది. ‘ఆయన ఎన్ని గంటలు చూస్తారు’ అనే లెక్క కన్నా, ‘నేను చెబుతున్నప్పుడు ఎన్నిసార్లు తల దించుతారు’ అన్నదే వాళ్లను బాధపెడుతోంది.

ఆయన వైపు నుంచీ ఒకసారి చూడండి. మెడికల్ షాపులో నిలబడ్డ మనిషి రోజంతా పక్కవాళ్ల జబ్బులే వింటాడు. దగ్గు ఎన్నాళ్ల నుంచి, షుగరెంత, ఈ మాత్ర అన్నానికి ముందా తర్వాతా, అప్పు రాసుకోమనేవాళ్లు, పాత స్ట్రిప్పు తిరిగి తెచ్చేవాళ్లు. రాత్రి పదింటికి ఇంటికొచ్చేసరికి ఇంకెవరికీ జవాబు చెప్పే ఓపిక ఉండదు. రీల్ జవాబు అడగదు. పైగా దానికి చివరంటూ లేదు, వేలు కదిపితే ఇంకొకటి వస్తుంది, తర్వాతది ఇంకా బాగుంటుందేమోనన్న ఆశ ఆపనివ్వదు. ఇదంతా ఆయన్ను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే మీరు ముఖ్యమైన మాట ఎత్తితే అది నిలవదని చెబుతున్నాను. స్నానం చేసి, కాస్త నడుం వాల్చే ఓ పావుగంట ఆయనకు వదిలేయండి. ఆ తర్వాతి సమయం గట్టిగా అడగండి.

ఎలా అడగాలంటే, ముందు ఒక తీరికైన వేళ చూసుకోండి. ఆదివారం షాపు తొందరగా కట్టేసే అలవాటుంటే ఆ సాయంత్రం మంచిది. ఆరేళ్ల లెక్కలన్నీ తీయకండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అనకండి, ఆ మాటతో ఎదుటి మనిషి చెవులు మూసుకుపోతాయి. ఆ ఒక్క రోజు సంగతే చెప్పండి. ‘అమ్మకు ఆపరేషన్ అని మీతో చెప్పినప్పుడు మీరు ఫోన్ చూస్తున్నారు. మీకు వినపడలేదని నాకు తెలియదు. నాలుగు రోజులు నేనొక్కదాన్నే భయపడ్డాను. రాత్రి అన్నం తినేటప్పుడు మీరు నాకు కావాలి, ఫోన్ లేకుండా.’ ఇంత చాలు. ఆయన వెంటనే షాపు సంగతి ఎత్తుతారు. కొట్టిపారేయకండి, ఆ షాపు మీ అందరిదీ.

షాపుకి మార్గం ఉంది. ఆర్డర్లకు వేరే నంబరు తీసుకుని దాంట్లో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోమనండి. షాపు మూసిన వేళల్లో వచ్చిన మెసేజ్‌కి ‘రేపు ఉదయం తొమ్మిదికి చూస్తాం, అర్జెంటయితే ఫోన్ చేయండి’ అని దానంతటదే జవాబు వెళ్లే ఏర్పాటు అందులో ఉంది. అర్ధరాత్రి పసిపిల్లకు జ్వరం వచ్చినవాళ్లు మెసేజ్ పెట్టి ఊరుకోరు, కాల్ చేస్తారు. నెట్ ఆపినా మామూలు కాల్ మోగుతుంది. కాబట్టి మందు కావాల్సినవాళ్లకు అన్యాయం జరగదు.

ఇంట్లో ఒకే ఒక్క పూట మొదలుపెట్టండి, రాత్రి భోజనం. ఫోన్లన్నీ ఫ్రిజ్ మీదకు చేరాలి. ముందు మీది పెట్టండి, అత్తగారిది కూడా. ఇది ఆయనకు వేసిన శిక్షలా కనిపించకూడదు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరుంది. 2022లో ఆ ఊరివాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగగానే టీవీలు, ఫోన్లు కట్టేయాలి, ఎనిమిదిన్నరకు మళ్లీ సైరన్ మోగేదాకా. పిల్లలు చదువుకోవాలి, పెద్దలు కబుర్లు చెప్పుకోవాలి. అక్కడ నాకు నచ్చింది, ఎవరినీ వేలెత్తి చూపకుండా అందరూ కలిసి ఆపడం. మీ ఇంట్లో నలుగురున్నారు, అంతకన్నా తేలిక.

మొదటి రోజులు భోజనం దగ్గర ఏం మాట్లాడాలో తోచదు. నిశ్శబ్దంగా ఉంటుంది, ఆయన చెయ్యి రెండుసార్లు ఖాళీ జేబు తడుముకుంటుంది. ఓర్చుకోండి. ఆ ఖాళీని ఫిర్యాదులతో నింపకండి. ఇవాళ షాపుకి ఎవరొచ్చారని అడగండి. ఇంటి లెక్కలు ఆ అరగంటలో వద్దు, అవి పొద్దున కాఫీ దగ్గర తేల్చుకోవచ్చు. ముఖ్యమైన సంగతి చెప్పాలంటే ముందు ఆయన్ను పిలిచి, ఆయన మీ మొహం చూశాకే మొదలుపెట్టండి. వంచిన తలకు ఏదీ చెప్పకండి.

బాబు విషయం మాత్రం ఆలస్యం చేయొద్దు. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త 1970లలో చేసిన ప్రయోగం ఒకటుంది. నెలల పిల్లతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కాసేపు ఏ భావమూ లేని మొహంతో ఊరికే చూస్తూ ఉండమన్నారు. పిల్లలు ముందు నవ్వి, చేతులు చాచి, తల్లిని కదిలించాలని చూశారు. ఫలితం లేకపోయేసరికి మొహం తిప్పేసుకున్నారు. మీ బాబును గమనించండి. బొమ్మ తెచ్చి వాళ్ల నాన్న గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటున్నాడా? తిప్పుకుంటుంటే సంతోషించాల్సిన సంగతి, వాడింకా అడుగుతున్నాడు. ఈ సంగతి ఆయనకు తప్పక చెప్పండి. మీకోసం ఎత్తని తల వాడికోసం ఎత్తుతారేమో.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తిండికి ఫోన్ అలవాటైన పిల్లాడికి ఎంత ఆకలేసిందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. ముందు పొద్దున టిఫిన్‌కు ఆపండి. ఏడుస్తాడు, కొన్నాళ్లు తక్కువ తింటాడు. గిన్నె పట్టుకుని వెంట తిరగకండి. అరగంట చూసి తీసేయండి. నానమ్మను పక్కన కూర్చోబెట్టి కథ చెప్పమనండి, ఆవిడకూ ఒక పని అప్పజెప్పినట్టుంటుంది.

ఫోన్ పగలగొట్టాలన్న ఆలోచన మానేయండి. వారంలో కొత్త ఫోన్ వస్తుంది, గొడవ మాత్రం పాతదే మిగులుతుంది. ఆయన ఫోన్ మళ్లీ దొంగతనంగా తీయకండి. చూసిన సంగతి ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీ ఇద్దరి మధ్య మాట కలిశాక, ఒక రోజు మీరే చెప్పండి. రీల్స్‌కు రోజుకు ఇంతని పరిమితి ఆయన ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు, కానీ ఆయన చేత్తో పెట్టుకోవాలి. మీరూ మీ ఫోన్‌లో పెట్టుకోండి.

ఇదంతా చేశాక కూడా ఫోన్ లేకపోతే చిరాకు, కోపం, నిద్ర చెడగొట్టుకోవడం, షాపు పనీ పాడవడం కనిపిస్తే సాయం తీసుకోవాల్సిందే. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్లే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయన వద్దన్నా మీకోసం మీరు చేయొచ్చు, ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు కదా.

పుట్టింటికి తప్పకుండా వెళ్లండి. మీ అమ్మకు మీరు కావాలి. కానీ అలిగి వెళ్లకండి, అలిగారని ఆయనకు నెలకు గానీ తెలియకపోవచ్చు. ఏ తేదీన వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆపరేషన్ రోజు షాపు ఎవరికైనా అప్పజెప్పి రమ్మని అడగండి. డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీ ఆయన చేతిలో పెట్టండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ అమ్మకు ఆయన్నే దగ్గర కూర్చుని చెప్పమనండి.