విల్లుకి కెమెరా కడతానంటున్న మేనల్లుడికి

చిన్నా,

విల్లుతో వేటని వీడియో తీస్తానంటూ నువ్వు పంపిన ఫొటో చూశాను. విల్లుకి ముందు, అది ఊగకుండా నిలిపే స్టెబిలైజర్ రాడ్డు, దాని పక్కన ఒక కెమెరా, టోపీ అంచుకి ఇంకో కెమెరా, ఛాతీ మీద అడ్డంగా పట్టీలు. ఇన్ని తగిలించుకున్నాక బాణం వెయ్యడానికి చోటెక్కడ మిగిలిందిరా? ఎగతాళి చెయ్యట్లేదు. మొదటి ఏడాది నేనూ ఇదే వేషంలో అడవికి వెళ్ళినవాణ్ణే.

నన్నడిగితే కెమెరా విల్లు మీద ఉండకూడదు. కానీ నువ్వు ముందు అక్కడే బిగిస్తావు, అందరూ అదే చేస్తారు. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఇప్పటి గోప్రో, అదే నీలాంటివాళ్ళు తగిలించుకునే ఆ చిన్న కెమెరా, ఒకటి బ్యాటరీతో కలిపి 150 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. చేతిలో పట్టుకుంటే లెక్కలోది కాదు. అదే బరువు పిడికి జానెడు ముందు రాడ్డు కొసన వేలాడుతుంటే, నారి పూర్తిగా లాగి జింక ఒక్క అడుగు ముందుకు వెయ్యాలని కాచుకున్నప్పుడు మణికట్టుకి తెలిసొస్తుంది. నీ ఫొటోలోలాగా పక్కకి బిగిస్తే మరీ కష్టం. విల్లు ఆ పక్కకి ఒరుగుతుంది. గురి చూసే సైట్‌లో, ఒరుగు తెలిపే నీటి బుడగ ఉంటుంది, అది చూడు, నీకే అర్థమవుతుంది. దాన్ని నిలబెట్టడానికి మణికట్టు మెలిపెడతావు, బాణం ఇంకోవైపు పోతుంది. అందుకని కెమెరాని రాడ్డు కిందికి, తలకిందులుగా వేలాడదియ్యి. బొమ్మ తిరగబడుతుందని బెంగ వద్దు, సెట్టింగుల్లో సరిచేసుకోవచ్చు. బిగించాక మాత్రం సైట్ పిన్నులన్నీ మళ్ళీ మొదటినుంచి సరిచూసుకోవాలి. కెమెరా ఉన్న విల్లు వేరు, లేని విల్లు వేరు. ఒకరోజు పెట్టుకుని ఒకరోజు తీసేస్తే రెండు విధాలా చెడతావు.

మర సంగతి కూడా చెప్పాలి. విల్లుకి స్టెబిలైజర్ ఎక్కే రంధ్రం 5/16 అంగుళం, అంగుళానికి 24 మరచుట్లు. కెమెరాలు బిగించే ట్రైపాడ్ మర 1/4 అంగుళం, 20 చుట్లు. ఒకదాంట్లో ఇంకొకటి కూర్చోదు. సందు పూడ్చడానికి టేపు చుట్టి తిప్పినవాళ్ళని చూశాను. చివరికి పాడయ్యేది విల్లు మరే. రెండిటికీ మధ్య వేసే అడాప్టర్ దొరుకుతుంది, లోహంతో చేసింది తీసుకో. ఇక ఈ కెమెరాల మౌంట్లకి వేళ్ళలాంటి ప్లాస్టిక్ కీళ్ళుంటాయి కదా, బాణం వదిలిన ప్రతిసారీ వచ్చే అదురుకి ఆ స్క్రూ కొద్దికొద్దిగా వదులవుతూ ఉంటుంది. వేళ్ళతో బిగిస్తే చాలదు, చిన్న స్పానర్ దగ్గరుంచుకో. కెమెరా నుంచి రాడ్డుకి ఒక సన్నని తాడు కూడా కట్టు, కానీ తోక మిగల్చకు. తోక బాణం ఈకల దారిలోకి వచ్చిందంటే దెబ్బతినేది కెమెరా కాదు, నువ్వు.

ఇంత కష్టపడి బిగిస్తే ఆ వీడియోలో ఏం కనిపిస్తుంది? లెక్క వేసి చూడు. సెకనుకి 280 అడుగులు పోయే బాణానికి 20 గజాలు, అంటే 60 అడుగులు దాటడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. సెకనుకి 30 ఫ్రేములు తీస్తే నీకు దక్కేవి ఆరు ఫ్రేములు. 120 తీస్తే పాతిక. ఆ ఐదో వంతు సెకనులోనే విల్లు అదిరి ముందుకి తూలుతుంది, కెమెరా దానితోపాటు నేలచూపు చూస్తుంది. బాణం తగిలే క్షణంలో ఆకులు రికార్డవుతాయి. పైగా ఈ కెమెరాలు బొమ్మని వరుసలు వరుసలుగా చదువుతాయి కాబట్టి, ఆ అదురులో చెట్లన్నీ జున్నులా ఊగుతూ కనిపిస్తాయి.

లెన్సు వెడల్పు ఇంకో తగాదా. 90 డిగ్రీలు చూసే లెన్సు 18 మీటర్ల దూరంలో 36 మీటర్ల అడవిని ఫ్రేములోకి తెస్తుంది. మీటరున్నర పొడవున్న జింక అందులో ఇరవై నాలుగో వంతు. ఫుల్ హెచ్‌డీలో 1920 చుక్కల వరసలో దాని వాటా 80. ఊరంతటి తెర మీద వేసినా చీమలాగే ఉంటుంది. అందుకని ఎప్పుడూ లెన్సుని ఇరుకు చూపులోనో, అంచులు వంకర పోకుండా చూపే లీనియర్‌లోనో పెట్టి, చుక్కలు ఎక్కువుండే 4కేలో తియ్యి. తర్వాత కత్తిరించుకుని దగ్గరికి తెచ్చుకోవచ్చు.

టోపీ కెమెరా సుఖంగానే ఉంటుంది, నీ చూపు ఎటుంటే అటే చూస్తుంది. ఒకటే చిక్కు. నారి లాగి దవడకి ఆనించినప్పుడు నారి ముక్కుకొసకి తాకుతూ ఉంటుంది, ఆ పైన టోపీ అంచు. అంచుకి కెమెరా ఉంటే నారి దానికి తగులుతుంది. తప్పనిసరైతే నారి లేని పక్కన, చెవికి పైగా, తలపట్టీకి పెట్టుకో. ఛాతీ పట్టీలు మాత్రం విప్పెయ్యి. నారి వదిలినప్పుడు చొక్కా గుండీనే లాక్కుపోతుంది, కెమెరాని ఊరికే వదులుతుందా? వదిలినా, నువ్వు కూర్చుని వేసే మనిషివి, నీ మోకాళ్ళు తప్ప ఇంకేమీ రావు.

మరి ఎక్కడ? చెట్టుకి. నువ్వు కూర్చున్న మంచె చెట్టుకే, తలకి జానెడు పైన, భుజం వెనకనుంచి చూసేలాగా కెమెరాని పట్టుకునే మడత స్టాండు ఒకటి బిగించు. స్క్రూ దింపే రకం వద్దు, పట్టీతో కట్టేదే తీసుకో. చెట్లకి మేకులూ స్క్రూలూ కొట్టకూడదని చాలాచోట్ల నియమం ఉంది, చెట్టుకీ అది మంచిది. బిగించే ముందు విల్లు పూర్తిగా లాగి చూసుకో. లాగిన చేతి మోచెయ్యి వెనక్కి ఎంతదాకా వస్తుందో ఆ దారిలో ఏదీ ఉండకూడదు. అక్కణ్ణుంచి తీస్తే విల్లూ, చేతులూ, బాణం పోయిన దారీ, జంతువూ అన్నీ ఒకే ఫ్రేములో ఉంటాయి, కెమెరా కదలదు. విల్లు ఎప్పటిలాగే తేలిగ్గా నీ మాట వింటుంది. జంతువు ఇంకోవైపు నుంచి వస్తే ఏం చెయ్యాలంటావు. ఏమీ చెయ్యకు. కెమెరా తిప్పడానికి చెయ్యెత్తితే ఆ కదలిక చూసి పారిపోతుంది. వీడియో పోతే పోనీ. సేఫ్టీ బెల్టు పెట్టుకోకుండా కెమెరా అందుకోవడానికి వంగావని నాకు తెలిస్తే ఇక నాతో మాట్లాడకు.

విల్లు మీద ఎలక్ట్రానిక్ వస్తువేదీ ఉండకూడదని వేట నియమాల్లో రాసుకున్న ప్రాంతాలున్నాయి. లైసెన్సుతోపాటు ఇచ్చే నియమాల పుస్తకం చదివి వెళ్ళు.

ఇక చప్పుడు. కెమెరా పెట్టెలోంచి తీసిన వెంటనే దాని కూతలన్నీ ఆపెయ్యి, ఎర్ర దీపాలు ఆపెయ్యి, వెనక తెర కొన్ని సెకన్లకే ఆరిపోయేలా పెట్టు, వైఫై ఆపు. రికార్డింగు మొదలైందో లేదో తెలిసేదెలా అంటావేమో, అక్కడే నేను మునిగాను. ఒక తెల్లవారుజామున దుప్పి రావడం దూరంగా చూసి బటన్ నొక్కాను. చేతికి గ్లవుజులు. కూత లేదు, దీపం లేదు. అంతకుముందే ఒకసారి నొక్కి మరిచిపోయానని ఇంటికొచ్చాక తెలిసింది. నా ఒడి, నా ఆవలింత, కాలు మార్చుకోవడం నలభై నిమిషాలు రికార్డయ్యాయి. దుప్పి వచ్చే సమయానికి బటన్ నొక్కి నేనే ఆపేశాను. అప్పట్నుంచి నాకొక అలవాటు: కెమెరా మామూలుగా ఆపేసి ఉంచుతాను. ఒక్క నొక్కుకి ఆన్ అయి, తనంతట తనే రికార్డింగు మొదలుపెట్టే ఏర్పాటు దాదాపు అన్నిట్లో ఉంది. నొక్కాక తెర మీద అంకెలు కదులుతున్నాయో లేదో ఒక్కసారి చూస్తాను. బ్యాటరీ కూడా మిగులుతుంది.

గట్టి చలిలో లిథియం బ్యాటరీ సగం కూడా నిలవకపోవచ్చు. అదనంగా రెండు తీసుకెళ్ళి లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి ఉంచుకో. వెచ్చని కారులోంచి తీసి చలిలో పెడితే కెమెరా లోపల చిక్కిన తేమ లెన్సు అద్దానికి లోపలివైపు చెమ్మగా పట్టొచ్చు, అందుకని కెమెరాని ముందే డిక్కీలో ఉంచు. జంతువులు తిరిగేది తొలి వెలుగులో, మలి వెలుగులో. ఈ కెమెరాల సెన్సరు గోరంత, చీకట్లో దాని బొమ్మ ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తుంది. ఆ వేళ 120 ఫ్రేముల ఆశ పెట్టుకోకు, ఒక్కో ఫ్రేముకి వెలుగు చాలదు, 30కి దించు.

చెట్టు మీద కెమెరా పెట్టమనడానికి నా అసలు కారణం అందం కాదు. బాణం ఎక్కడ తగిలిందో నీ కళ్ళు నీకు సరిగ్గా చెప్పవు. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది, బాణం 85. నారి చప్పుడు ముందే చేరి జింక ఒక్కసారి కిందికి కుంగుతుంది, నువ్వు గురిపెట్టిన చోట తగలదు. కదలని వీడియోని మంచె దిగకముందే నెమ్మదిగా తిప్పి చూస్తే ఊపిరితిత్తుల్లోనా, పొట్టలోనా అన్నది తెలుస్తుంది. మొదటిదైతే అరగంట ఆగి వెతుకు. రెండోదైతే గంటల తరబడి ఆగాలి. తొందరపడి వెంటపడితే అది లేచి ఇంకా లోపలికి పోయి బాధపడి చస్తుంది. కాబట్టి బాణం వదిలాక రికార్డింగు ఆపకు. జంతువు ఎటు పరిగెత్తిందో, ఏ చెట్టు దగ్గర మాయమైందో అన్నీ రానీ.

సీజను మొదలవడానికి ఇంకా మూడు వారాలుంది. వేట బట్టలు, గ్లవుజులు, బెల్టు అన్నీ వేసుకుని, కెమెరా పెట్టాల్సిన చోట పెట్టి, స్టూలు మీద కూర్చుని టార్గెట్ మీద ముప్పై బాణాలు వెయ్యి. ఒకసారి తెల్లవారకముందు, ఒకసారి పొద్దుగూకాక. ఆ వీడియో పంపు. బాణాలు ఎక్కడ తగిలాయన్నది నాకక్కర్లేదు, నారి దేనికైనా రాసుకుంటోందేమో చూస్తాను.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు, మంచె ఎంత ఎత్తని అడుగుతుంది.

మీ మామయ్య