గేర్‌బాక్స్ దింపి డబ్బు తీసుకున్నాడు, ఆయిల్ లీక్ ఆగలేదు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కడియం మండలం, నర్సరీ ఉంది. మా డీజిల్ కారు కింద ఆయిల్ చుక్కలు పడుతుంటే, భీమవరం అత్తారింటికి వెళ్లినప్పుడు మా బావమరిది చెప్పిన గ్యారేజీలో చూపించాను. కింద నుంచి చూసి ‘క్రాంక్ వెనకాల ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి’ అన్నాడు. ఎలాగూ దింపుతున్నాం కదా అని నన్ను అడిగే క్లచ్ సెట్ కూడా మార్చాడు. మొత్తం 19,600 రూపాయలు ఫోన్‌లోనే కొట్టాను. బిల్లు ఇవ్వలేదు, చేతిరాత చీటీ ఇచ్చాడు. క్లచ్ సెట్ 8,400, సీలు, మజూరీ, ఆయిల్ కలిపి 11,200 అని ఉంది. కింద ‘రిపేరు పనులకు గ్యారంటీ లేదు’ అని స్టాంపు. వారం తిరక్కుండా మళ్లీ చుక్కలు. రావులపాలెంలో ఇంకో మెకానిక్ చూసి, పోయింది పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ అనీ, సీలుకూ దీనికీ సంబంధం లేదనీ అన్నాడు. భీమవరం ఆయనేమో ‘అది వేరే లీకు, బండి తెండి, ఇంకో నాలుగు వేలవుతుంది’ అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టాలా, వినియోగదారుల కోర్టుకు వెళ్లాలా? కారు నర్సరీ పని మీద కూడా తిరుగుతుంది, దానివల్ల ఇబ్బందా?

జవాబు: ఆ ప్యాకింగ్ ఇంకా మార్పించకపోతే కాస్త ఆగండి. మార్పించేస్తే లీకు ఆగుతుంది, మీ మనసు కుదుటపడుతుంది, దాంతోపాటు మీ చేతిలో ఉన్న అసలు సాక్ష్యం కూడా పోతుంది. రేపు వినియోగదారుల కమిషన్ (మీరు కోర్టు అంటున్నది దీన్నే) ముందు అవతలి లాయరు అడిగేది ఒక్కటే: లీకు పైనుంచే వచ్చిందని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు? అప్పుడు ‘రావులపాలెంలో ఒకాయన చెప్పాడండి’ అంటే సరిపోదు.

చట్టం సంగతి సూటిగా చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. మెకానిక్ చెప్పింది తప్పని తేలినంత మాత్రాన అది సేవాలోపం అయిపోదు. డాక్టరు విషయంలోనూ అంతే, మెకానిక్ విషయంలోనూ అంతే. ఆ పని తెలిసినవాడు మామూలుగా తీసుకునే జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది చూస్తారు. కాబట్టి మీ ఫిర్యాదు ‘లీకు ఆగలేదు’ అని కాకుండా, ‘లీకు ఎక్కడిదో చూడకుండానే గేర్‌బాక్స్ దింపాడు’ అని నిలబడాలి. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ కేసులో తేడా చాలా ఉంటుంది.

ఎందుకంటే ఆయిల్ ఎక్కడ చుక్క పడుతుందో అక్కడే లీకు ఉండాలని లేదు, ఈ సంగతి గ్యారేజీలో కుర్రాడికి కూడా తెలుసు. టాపెట్ కవర్ ఇంజిన్ నెత్తిన ఉంటుంది. దాని ప్యాకింగ్ గేర్‌బాక్స్ వైపు చివర గట్టిపడి చీలితే, నూనె ఇంజిన్ గోడ వెంబడి కారుకుంటూ వచ్చి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు దగ్గర కిందికి దిగుతుంది. క్రాంక్ సీలు, అంటే ఇంజిన్ ఇరుసు గేర్‌బాక్స్ వైపు బయటికి వచ్చే చోట నూనెను ఆపే రింగు, పోయినా చుక్క పడేది సరిగ్గా అక్కడే. కింద నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పద్ధతి తెలిసిన మెకానిక్ ముందు ఇంజిన్‌ని శుభ్రంగా కడిగించి, ఆరనిచ్చి, కాసేపు బండి నడిపి, టార్చి పట్టుకుని పైనుంచి కిందికి వస్తూ మొదటి తడి ఎక్కడుందో వెతుకుతాడు. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూసే పద్ధతి ఉంది, దానికీ పెద్ద ఖర్చేమీ కాదు. గేర్‌బాక్స్ దింపడం వీటన్నిటి తర్వాత. మీ బండిని కనీసం కడిగాడా? మీరు అక్కడే ఉన్నారా, చూశారా? ఈ రెండు ప్రశ్నలకు మీ జవాబు అఫిడవిట్‌లో మొదటి పేరాలోనే రావాలి.

ఇంకో మంచి సాక్ష్యం మీకు తెలియకుండానే ఆ గ్యారేజీలో పడి ఉండొచ్చు: మీ పాత క్లచ్ ప్లేటు. క్రాంక్ సీలు నిజంగా అంతలా కారితే నూనె గేర్‌బాక్స్ గూడు లోపలికి చిమ్ముతుంది, ప్లేటు మీద జిడ్డు ఉంటుంది, చాలాసార్లు క్లచ్ జారుతుంది కూడా. ప్లేటు పొడిగా, ఒట్టి దుమ్ముతో ఉంటే సీలు మీద అనుమానం బలహీనపడుతుంది. అదొక్కటే తిరుగులేని రుజువని నేను అనను, కానీ కమిషన్ సభ్యులు చేత్తో పట్టుకుని చూడగల వస్తువు అది. పాత సీలు, పాత ప్లేటు మీవే, డబ్బు కట్టింది మీరు. వాట్సాప్‌లో మర్యాదగానే అడగండి. ‘పారేశాం’ అని జవాబిస్తే ఆ మెసేజ్ కూడా దాచుకోండి. అలాగే గేర్‌బాక్స్ బోల్టుల తలల మీద కొత్తగా పానా పడిన గీతలు ఉన్నాయో, పాత మట్టి అలాగే అంటుకుని ఉందో రావులపాలెం మెకానిక్‌ని చూడమనండి. గీతలు లేకపోతే కథ పూర్తిగా వేరే, దాని గురించి చివర్లో చెబుతాను.

ఇప్పుడు చేయాల్సింది. ఇంజిన్ కడిగించే ముందు, కడిగించాక, ఓ ముప్పై నలభై కిలోమీటర్లు తిప్పాక వీడియో తీయండి. ప్రతిసారీ నంబర్ ప్లేటు, మీటరు రీడింగు చూపించి, ఆపకుండా అదే వీడియోలో ఇంజిన్ మీదికి రండి. అసలు ఫైలు ఫోన్‌లోంచి తీసేయొద్దు. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఫోన్ వీడియో లాంటి డిజిటల్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ దానికి జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యాల నిబంధనలను సివిల్ కోర్టంత బిగువుగా పట్టుకోవు గానీ ఆ సందు మనమెందుకు ఇవ్వాలి. వీలైతే మోటారు బళ్ల నష్టాలు అంచనా వేసే లైసెన్సున్న ఇన్సూరెన్స్ సర్వేయర్ చేత, లేదా మెకానికల్ ఇంజినీరు చేత ఒక పేజీ రిపోర్టు రాయించండి. ఆ తర్వాతే ప్యాకింగ్ మార్పించి, తీసిన ప్యాకింగ్‌ని కవర్లో పెట్టి దాచండి, ఈసారి బిల్లు అడిగి తీసుకోండి.

సాక్ష్యం కోసమని నెలలు ఆగమని మాత్రం నా ఉద్దేశం కాదు. పెరిగే నష్టాన్ని ఆపుకోవాల్సిన బాధ్యత మీ మీద కూడా ఉంది. రోజూ గేజ్ స్టిక్ తీసి ఆయిల్ చూసుకోండి, ఆయిల్ లైటు వెలిగితే అక్కడే ఆపేయండి, సిద్ధాంతం వంతెన మధ్యలో ఉన్నా సరే. తెలిసి తెలిసి తిప్పి ఇంజిన్ పట్టేస్తే ఆ ఖర్చు గ్యారేజీ మీద వేయలేరు, మామూలు ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఇవ్వదు, ఎందుకంటే యంత్రం దానంతటది చెడిపోతే అందులో కవరేజీ ఉండదు.

‘గ్యారంటీ లేదు’ అన్న స్టాంపు చూసి భయపడొద్దు. లీకు మళ్లీ ఎప్పటికీ రాదని మాటివ్వలేదన్నంత వరకే దానికి విలువ. చూడకుండా చేసిన పనికి అది గొడుగు కాదు. అయితే ఫిర్యాదులో దాన్ని ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాయకండి, కొందరు ఉత్సాహం కొద్దీ రాసేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అలాంటి ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లమంటారు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి, ఈ రెండూ చాలు. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ చట్టం 2(47) సెక్షన్ చెబుతోంది. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు, రసీదులో గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. బిల్లు లేకపోయినా మీరు ఫోన్‌లో కొట్టిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, చీటీ ఆయన చేతిరాత. అంతకన్నా ఏం కావాలి.

నర్సరీ పని మీద కారు తిరగడం పెద్ద అడ్డంకి కాదు. అవతలివాళ్లు తప్పకుండా లేవనెత్తుతారు, అది మామూలే. సేవ తీసుకున్నది ప్రధానంగా దేనికన్నది చూస్తారు. ఇంటి కారులో అప్పుడప్పుడూ మొక్కల బేరానికి వెళ్లినంత మాత్రాన మీరు వినియోగదారు కాకుండా పోరు. వాణిజ్య అవసరానికే తీసుకున్నారని రుజువు చేయాల్సిన భారం సేవ ఇచ్చినవాళ్లదేనని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఒక్కటి మాత్రం చూసుకోండి: కారు ఖర్చులు నర్సరీ లెక్కల్లో రాసి పన్ను మినహాయింపు తీసుకుంటున్నారా? అయితే ముందే మీ లాయరుకు చెప్పండి, విచారణలో బయటపడితే బాగోదు.

పాత చట్టమైతే ఈ కేసుకు పశ్చిమ గోదావరి వైపు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదు చేసేవాళ్లు ఉండే చోట వేసుకోవచ్చు, అంటే రాజమహేంద్రవరం జిల్లా కమిషన్‌లో. భీమవరం ఆయనే గోదావరి దాటి రావాలి, చాలా కేసులు ఈ కారణంగానే రాజీకి వస్తాయి. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని దిగండి.

ఎంత అడగాలి? క్లచ్ సెట్ 8,400 వదిలేయండి. మీరు ఒప్పుకుని వేయించుకున్నారు, అది బండిలో పనిచేస్తోంది. అదీ కలిపి మొత్తం 19,600 అడిగితే మిగతా 11,200 మీద మీ మాటకున్న బరువు తగ్గుతుంది. 11,200, దాని మీద వడ్డీ, సర్వేయర్ ఫీజు, మనోవేదనకు కొంత, కేసు ఖర్చులు. మనోవేదనకు లక్షలు రాసుకునే ఫిర్యాదులు రోజూ చూస్తుంటాం, వాటివల్ల ఒరిగేదేమీ ఉండదు. ఆయన వైపు వాదన కూడా ఊహించుకోండి: ‘సీలూ కారుతోంది, ప్యాకింగూ కారుతోంది, నేను ఒకటి ఆపాను’ అంటాడు. అది నిజమే కావచ్చు కూడా, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం పూడుకుపోయి లోపల ఒత్తిడి పెరిగితే రెండు మూడు చోట్ల ఒకేసారి కారడం జరుగుతుంది. అందుకే పాత ప్లేటు, సర్వేయర్ రిపోర్టు గురించి అంత చెప్పాను.

ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, చిన్న మొత్తాలు కొన్ని అక్కడే తెగుతాయి. బండి మాత్రం మళ్లీ ఆ గ్యారేజీలో వదలకండి. చేసిన పనికి మజూరీ ఇచ్చేదాకా వస్తువు అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ పనివాడికి ఇస్తుంది, ఆ నాలుగు వేల పేచీలో కారు అక్కడే ఇరుక్కుంటుంది.

చీటింగ్ కేసు అంటారా, అనవసరం. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, పొరపాటు అంచనాకు అది వర్తించదు, పోలీసులు కూడా సివిల్ గొడవ అని పంపించేస్తారు. కానీ ఆ బోల్టుల మీద పానా గీతలే లేవనుకోండి, అంటే గేర్‌బాక్స్ దింపకుండానే దింపానని డబ్బు తీసుకున్నాడని తేలిందనుకోండి, అప్పుడు ఆ ఫొటోలు పట్టుకుని నోటీసు కన్నా ముందే ఒకసారి లాయరుని కలవండి.