పాత నవలని తెరకెక్కించబోతున్న మేనకోడలికి

చి. సౌ. సుధకి,

మావయ్య ఆశీస్సులు. నీ స్క్రిప్టు చదివాను, బావుంది. బావోలేని చోట్ల గురించే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ముసలాడైనవాడికి తప్పులే ముందు కనబడతాయి.

మొదటి పేజీలో 'పాతకాలం విశాఖపట్నం' అన్నావు. పాతకాలమంటే ఎప్పుడమ్మా? నవలలో హార్బరు పనులు సాగుతున్నాయి, హార్బరు ప్రారంభమైంది 1933లో. అంచేత 1931 అని ఖాయం చేసుకుని పేజీ నెత్తిన రాసుకో. కాస్ట్యూమర్ ఏది అడిగినా జవాబు అక్కడే దొరుకుతుంది. కేజీహెచ్ ఆసుపత్రి ఉంది, టౌన్ హాలుంది. రైలు దిగేది వాల్తేరు స్టేషన్లో. నీ హీరోయిన్ జట్కావాడికి 'ఇరవై అయిదు పైసలు' ఇవ్వకూడదు, నయాపైసలొచ్చింది 1957లో. అణాల్లో మాట్లాడించు. నన్నడిగితే ఆ దూరానికి బేడ, అంటే రెండణాలు, చాలు.

అలాగని ఏదీ మార్చొద్దనడం లేదు. పెళ్ళి కావలసిన అక్కచెల్లెళ్ళ కథ, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అనే ఇంగ్లీషు నవల 1813లో వచ్చింది. 1940 సినిమాలో ఆ అక్కచెల్లెళ్ళకి తర్వాతి తరం బుట్టచేతుల గౌన్లు తొడిగారు. 2005లో తీసినాయనకి ఛాతీ కిందే నడుముండే గౌన్లు నచ్చక కథని 1790ల చివరికి జరిపాడు. 1995 బీబీసీ సీరియల్లో హీరో చెరువులో దూకుతాడే, ఆ సీను నవలలో లేనే లేదు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం అదే! అయినా కథ నిలబడింది. తండ్రి పోతే ఇల్లూ భూమీ కూతుళ్ళకి రావు, మగ దాయాదికి పోతాయి. ఆ తల్లి పెళ్ళిళ్ళంటూ అంత గోల చేసేది అందుకే. ఆ ముడి ఎవరూ విప్పలేదు.

నీ ఎనిమిదో సీన్లో నువ్వు విప్పేశావు. అత్తయ్య ఇల్లు మేనల్లుడి పేర రాసి సంతకం పెట్టేస్తుంది. ఇల్లు ఆవిడదెలా అయింది? ఉమ్మడి కుటుంబంలో మొగుడు పోయిన మనిషి. 1937 చట్టం దాకా అలాంటివాళ్ళకి దక్కేది మనోవర్తే, అంటే తిండీ గుడ్డా. నవలలో ఆవిడ నోరెత్తకపోవడం పిరికితనం కాదు, మరిదికి కోపమొస్తే తలదాచుకునే చోటు లేక. నువ్వు కలం చేతికిచ్చేసరికి ఆవిడ ఓర్పంతా తెలివితక్కువతనమైపోయింది. ఆవిడ చేత ఏదో ఒకటి చేయించాలనుకుంటే పుట్టింటివాళ్ళు పెట్టిన కాసులపేరు తాకట్టు పెట్టించు. స్త్రీధనం ఆవిడ సొంతం, ఎవరూ అడ్డు చెప్పలేరు.

పెళ్ళిమాటల సీన్లో శారదా చట్టం మీద ఒక విసురైనా పడాలి. 1930 ఏప్రిల్ నుంచి పధ్నాలుగు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. అది రాకముందే కానిచ్చేద్దామని ఆత్రపడిన ఇళ్ళు బోలెడు. ఏడాది తిరిగేసరికి అరుగు మీద ముసలాళ్ళు దాన్ని మర్చిపోతారా?

బట్టలు కొత్తవి కొనకండి. కొన్నా ఉతికించి, ఆరేయించి, ఆర్టిస్టుల్ని కట్టుకుని తిరగమనండి. లాంతరు వెలుగులో ఉత్తరం చదివే పిల్ల దాని మీదకి వంగాలి, గదంతా వెలుగుండదు. గ్లాసుకి ఒక పక్క మసి ఉండనీ. సాయంత్రం పూట ఆ గ్లాసులు ముగ్గుపిండితో తుడవడం ఒక పని, అది అత్తయ్యకే అప్పజెప్పు, మాటలు రాయక్కర్లేదు. మన యాస పనిమనిషి నోటికే, అదీ నవ్వించడానికే పెట్టడం నాకు ఒళ్ళుమంట. ఇంటి పెద్దావిడ కూడా 'ఏటే' అంటుంది.

లొకేషన్ బీచ్ రోడ్డు వద్దు, ఎటు తిప్పినా ఏదో ఒక మేడ అడ్డొస్తుంది. కురుపాం మార్కెట్ వెనక సందులు చూడు, పైన వైర్లుంటాయి కాబట్టి ఫ్రేము కిందకే పెట్టుకోవాలి. సముద్రానికి భీమిలి వెళ్ళండి. జట్కా సంగతి నేను కనుక్కుంటాను. ఎనిమిదో సీను తిరగరాసి పంపు, తక్కినవి తర్వాత చూద్దాం.

మావయ్య