కత్తికి కొంచెం ఒళ్లు రానివ్వు

చిరంజీవికి ఆశీస్సులు.

బల్ల మీద ఆడే ఆట కోసం 3డీ ప్రింటర్‌లో తీయాలని నువ్వు చెక్కి పంపిన యోధుడి ఫైలు తెరిచి చూశాను. కవచం మీద ఆ తీగల అల్లిక చెక్కడానికి ఎన్ని రాత్రులు పట్టిందో ఊహించగలను. కానీ నాయనా, ఆ బొమ్మ ఆటబల్ల మీద నిలబడేది 32 మిల్లీమీటర్ల ఎత్తున. నువ్వేమో దాన్ని కంప్యూటర్ తెర నిండా పరుచుకుని చెక్కావు. ఆడేవాళ్లు చేయి చాచినంత దూరం నుంచి చూస్తారు. వాళ్లకు ఆ తీగలు వట్టి గరుకులా కనిపిస్తాయి. రంగు రెండు పూతలు పడితే అదీ పూడిపోతుంది.

అందుకే మధ్యమధ్యలో బొమ్మను బొటనవేలంత చేసి, నల్లగా నింపి చూసుకో. వట్టి నీడను చూసినా మనిషి దూకుతున్నాడో, కాచుకుంటున్నాడో తెలియాలి. తెలియకపోతే భంగిమ మార్చు, నగిషీ జోలికి పోకు. తల, చేతులు, ఆయుధం అసలు కొలతకన్నా కాస్త పెద్దవి చేయడానికి మొహమాటపడకు. ఈ బొమ్మల్లో అది చాలాకాలంగా ఉన్న పద్ధతే. బట్టల మడతలు లోతుగా తవ్వితే పల్చటి రంగు గుంటల్లోకి దిగి నీడ దానంతటదే ఏర్పడుతుంది.

కత్తి మందం కొలిచాను. 0.3 మిల్లీమీటర్లు! నిజమైన కత్తిని ఈ కొలతకు కుదిస్తే అంతకూడా ఉండదని నువ్వు వాదిస్తావని తెలుసు. వాదనలో నువ్వే గెలుస్తావు, కత్తి మాత్రం సపోర్టులు, అంటే ప్రింటయ్యేటప్పుడు బొమ్మను పట్టి ఉంచే సన్నని ఊతాలు, తీసేటప్పుడే విరుగుతుంది. మిల్లీమీటరుకు దగ్గరగా పెంచు.

ప్రింటర్ తొట్టిలో రెసిన్, అంటే కాంతి పడితే గట్టిపడే ద్రవం, ఉంటుంది. అందులోంచి బొమ్మ పైనున్న ప్లేటుకు తలకిందులుగా వేలాడుతూ పొరపొరగా పెరుగుతుంది. ఒక్కో పొర 0.05 మిల్లీమీటర్లు. పొర గట్టిపడిన ప్రతిసారీ ప్లేటు పైకి లేచి, బొమ్మను తొట్టి అడుగునున్న ఫిల్మ్ నుంచి ఊడదీస్తుంది. నిటారుగా పెడితే నీ యోధుడికి ఈ గుంజుడు 640 సార్లు. దానికి ఆగాలంటే సపోర్టులు కావాలి. బొమ్మను వెనక్కి ఓ 30, 40 డిగ్రీలు వాల్చి, అవి వీపు వైపు, కాళ్ల వెనక పడేలా చూసుకో. ముఖం మీద మచ్చ పడితే ఎంత అరగదీసినా ముఖం తిరిగి రాదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టిన సపోర్టులను నేను ఈనాటికీ నమ్మను. మొదటి పొర నుంచి ఒక్కొక్కటే జరుపుతూ, దేనికీ అతుక్కోకుండా గాలిలో మొదలయ్యే చుక్క ఉందేమో వెతుకుతాను. మోచేతి కొన, అంగీ అంచు, గడ్డం చివర ఎక్కువగా మోసం చేస్తాయి. ఆ చుక్క ఊడి ఫిల్మ్‌కు అంటుకుని ఉండగా గమనించకుండా మరోటి మొదలుపెడితే ప్లేటు దాన్ని నొక్కుతుంది, ఒక్కోసారి తొట్టి కింద కాంతిని పంపే తెర కూడా పగులుతుంది. ప్రింటు చెడిన ప్రతిసారీ రెసిన్ వడగట్టు.

ఒక్కో పొర మీద ఎంతసేపు కాంతి పడాలన్నది ఎవరో చెప్పిన అంకె చూసి పెట్టకు. నీ ప్రింటర్‌తో, నీ రెసిన్‌తో చిన్న పరీక్ష ముక్క వేసి తేల్చుకో. గది చల్లగా ఉంటే రెసిన్ చిక్కబడి ప్రింటు చెడుతుంది.

పెద్ద బొమ్మలను డొల్లగా చేస్తే లోపలి రెసిన్ బయటికి కారిపోయే రంధ్రాలు పెట్టడం మరవకు. నేనొకసారి డ్రాగన్‌కు మరిచాను. రంగులన్నీ వేసి అరలో పెట్టిన రెండు వారాలకు దాని పొట్ట చీలి, లోపలి పచ్చి రెసిన్ కారింది.

పచ్చి రెసిన్ విషయంలో మాత్రం బతిమాలను, ఆజ్ఞాపిస్తున్నాను. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, కిటికీ మూసిన గదిలో ప్రింటు చేయకు. చర్మానికి ఎలర్జీ మొదటి రోజే రాదు, ఏమీ కాలేదన్న ధైర్యం వచ్చాక వస్తుంది, వచ్చాక పోదు. బొమ్మను కడగడానికి వాడిన ఆల్కహాల్‌ను కాలువలో పారబోయకు. కడిగి, ఆరబెట్టి, సపోర్టులు తీశాకే బొమ్మను కాంతిలో గట్టిపరచు. ముందే గట్టిపరిస్తే సపోర్టుతో పాటు వేళ్లూ ఊడతాయి. బొమ్మ వేళ్లే అనుకో.

కత్తి సరిచేశాక ఫైలు మళ్లీ పంపు. గుర్రం ఎక్కిస్తానన్నావు, దాని సంగతి ఆ తర్వాత చూద్దాం.