చెల్లి తెచ్చిన కేరియర్ ఎందుకు తిప్పి పంపావు తల్లీ

గాజువాక నుంచి ఒక సోదరి రాసింది. "మూడేళ్ల కిందట మా ఆయనకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆయన్ని చూసుకుంటూనే కుట్టుపని చేస్తున్నాను, బాబు ఇంటర్ సెకండియర్. అత్తగారేమో నీ పాపమే తగిలింది అంటారు, నేను తిరిగి ఒక్క మాట అనలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. మధురవాడలో ఉన్న మా చెల్లి, అమ్మ పోయాక మిషన్ తొక్కి నేనే చదివించాను దాన్ని, మొన్న కోనాం పులుసు పట్టుకొస్తే గుమ్మంలోంచే పంపీసాను, నాకు దేవుడు చాలు. ఇంత తగ్గించుకుని బతుకుతున్నా స్వస్థత రావట్లేదు. నా విశ్వాసంలో లోపముందా? నలభై రోజులు ఉపవాస ప్రార్థన పట్టమంటారా?"

తల్లీ, ఉపవాసం సంగతి ముందే చెప్పేస్తాను, వద్దు. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పకపోతే వీపు పుళ్లు పడిపోతుంది, ఆ తిప్పేది నువ్వే, నువ్వు పస్తుండి కళ్లు తిరిగి పడిపోతే ఆయన్నెవరు చూస్తారు? అత్తగారి మాట కూడా వదిలెయ్యి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు వీణ్ణి కన్నవాళ్లదీ కాదు అని యేసు ప్రభువే తేల్చేసాడు. కొడుకు అలా పడిపోతే ఆ ముసలావిడ కడుపుమంట నీ మీద పడుతోంది, అంతే.

నేను ఆగిపోయింది ఆ కేరియర్ దగ్గర. నువ్వు ఒక్క లైన్లో రాసేసి వెళ్లిపోయావు గానీ, నాకు నీ ఉత్తరమంతా అక్కడే ఉంది. గాజువాక ఎక్కడ మధురవాడ ఎక్కడ, ఆ పిల్ల పొద్దున్నే లేచి చేప తెచ్చి వండి, పులుసు ఒలక్కుండా ఒళ్లో పెట్టుకుని ఊరు ఆ చివర్నించి ఈ చివరికి వచ్చింది. లోపల మంచం మీద మీ ఆయనకి ఆ వాసన తగిలే ఉంటుంది కదా, తింటావా అని ఒక్క మాట ఆయన్ని అడిగావా? అడగలేదు. నువ్వు చెయ్యి చాపకూడదనే పట్టుదలకి ఆయన నోటి దగ్గరి ముద్ద కూడా వెనక్కి పంపావు.

దీన్ని నువ్వు తగ్గింపు అంటున్నావు, నేను ఒప్పుకోను. నీ చెల్లిని పెంచింది నువ్వు, ఇన్నాళ్లూ పెట్టిన చెయ్యి నీది, ఇప్పుడు ఆ చెయ్యి కింద ఉండాల్సొచ్చేసరికి ఓర్చుకోలేకపోతున్నావు. ప్రభువు శిష్యుడు పేతురుకీ ఇదే వచ్చింది. ప్రభువు నడుముకి తువాలు కట్టుకుని పళ్లెంలో నీళ్లతో వస్తే నువ్వు నా కాళ్లు కడగడమేంటి, ఎప్పటికీ వద్దు అన్నాడు. వినడానికి ఎంత వినయంగా ఉంటుందో ఆ మాట! కడగనివ్వకపోతే నాతో నీకు భాగం లేదు అన్నాడు ప్రభువు, అంత గట్టిగా. పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరంగా రాసిన పత్రికలో రెండో అధ్యాయం క్రీస్తు తగ్గింపు గురించే కదా, సంఘాల్లో ఎన్నిసార్లు విన్నాం, అదే పత్రిక నాలుగో అధ్యాయానికొస్తే వాళ్లు ఎపఫ్రొదితు అనే సోదరుడి చేత పంపిన సామాను అందిందని, నా శ్రమలో పాలుపంచుకుని మంచి పని చేసారని పౌలు చెరలో ఉండి సంతోషంగా రాస్తాడు. తిప్పి పంపలేదు. అన్నీ పోగొట్టుకున్న యోబు కూడా అంతే, చివరికి అక్కచెల్లెళ్లు అన్నదమ్ములు వచ్చి తలా ఒక ఉంగరం ఇస్తే తీసుకున్నాడు.

మన ఊరి సంగతే తీసుకో. 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం వచ్చారు, 1809లో ఒకాయన, 1810లో ఇంకొకాయన చనిపోయారు. సువార్తల్ని తెలుగు చేసే పనిలో ఆనందరాయర్ అనే ఆయన పక్కన కూర్చుని సాయం పట్టాడు కాబట్టి మత్తయి, మార్కు, లూకా 1812లో అచ్చయ్యాయి. మా సొంత భాష మేమే చూసుకుంటాం, మీ సాయం అక్కర్లేదు అని ఆయన గానీ, దేవుడు పంపాడు మాకెవరూ అక్కర్లేదు అని వాళ్లు గానీ అనుకుంటే ఏమయ్యేది?

మా ఆయన కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ మా తోడికోడల్ని వార్డు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసేదాన్ని. ఆరో రోజుకి నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే ఆవిడే వచ్చి ఆయన ఒళ్లు తుడిచి దుప్పటి మార్చింది. ఆ ఐదు రోజుల గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ గుండెల్లో ముల్లులా ఉంటుంది.

మూడేళ్లు ఆయన్ని వదలకుండా కాసావు, ఆ నమ్మకత్వం దేవుడు చూస్తున్నాడు, నీ విశ్వాసంలో లోపం ఉందని నేననను. నీ చెల్లికి మాత్రం నువ్వు బాకీ ఉన్నావు. ఈ రోజే ఫోన్ చెయ్యి, పెద్ద పెద్ద మాటలేం వద్దు, ఆదివారం వస్తావా, బావగారి దగ్గర రెండు గంటలు కూర్చుంటావా అని అడుగు. ఎలా తిప్పాలో దానికి చూపించు. ఆ రెండు గంటలు నువ్వు ఆరాధనకి వెళ్లు, బాబుని పుస్తకం పట్టుకుని కూర్చోనివ్వు, చదువుకునే వయసు వాడిది. కేరియర్ తెస్తే లోపలికి తీసుకుని ఆయనకి ముందు పెట్టు. తిరిగిచ్చేటప్పుడు కడిగి, ఖాళీది ఇవ్వకుండా నీ చేత్తో చేసిందేదో కొంచెం పెట్టి పంపు.